బాలయ్య చెవుడు

చెవులు చూసి చూసి నాకు చెవులంటేనే రోత పుట్టింది. నేను పనిచేసే దవాఖానలో ఒక మూల గది ఉంది. గోడలకు కొబ్బరిపీచు పరుపులు కొట్టించి, కిటికీ మూయించి, బయటి చప్పుడు లోపలికి రాకుండా చేశారు. అందులో ఒక యంత్రం, రెండు కుర్చీలు, ఒక బల్ల, నేను. ఏ స్వరం ఎంత మోతతో మోగాలో నేను మీట తిప్పి నిర్ణయిస్తాను. ఎదుటి మనిషి హెడ్‌ఫోన్ పెట్టుకొని, వినపడినప్పుడల్లా చూపుడువేలు ఎత్తుతాడు. నేను గళ్ళకాగితం మీద చుక్క పెడతాను. చుక్కలు కలిపితే ఆ మనిషి వినికిడి ఒక గీతగా కనపడుతుంది. ఒకరు లేచి ఇంకొకరు కూర్చునే లోపల హెడ్‌ఫోన్‌ను స్పిరిట్ దూదితో ఒకసారి తుడవాలని నియమం. ఆ దూదికి అంటుకొచ్చే వాటిని ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కాగితం మీద రాసుకున్నాను: గుబిలి, చీము, తలనూనె, ఆకు పసరు, ఎండిన పాలు, ఒకసారి ఒక చచ్చిన చీమ. తర్వాత రాయడం మానేశాను కానీ చూడడం మానడానికి లేదు.

పోయిన నెల ఒక ముసలాయనను ఆయన కొడుకు చేయి పట్టుకొని తీసుకొచ్చాడు. తెల్లని ధోవతి, తలకు రుమాలు, వెండి పొన్ను వేసిన చేతికర్ర. ముసలాయన కుర్చీలో సర్దుకునే లోపలే కొడుకు మొదలుపెట్టాడు.

“సార్, జర మీరే తేల్చాలె. మా నాయినకు ఇనవడ్తదా, ఇనవడదా, మాకు సమజైతలేదు. దర్వాజ ధన్‌మని కొడితె తిరిగి సూస్తడు. బర్రె అరిస్తె సూస్తడు. నా పెండ్లాం పక్కన నిలవడి ‘మామా, బువ్వ తిందురాండ్రి’ అంటె మాత్రం ఉలకడు, పలకడు. మనసుంటె ఇనవడ్తది, లేకుంటె ఇనవడది. మా ఊళ్ళె గిట్లాంటిదాన్ని బాలయ్య చెవుడు అంటరు సార్.”

నేను పెన్సిలు చెక్కుకుంటున్నాను. చెక్కడం ఆపకుండానే “బాలయ్య ఎవరు?” అని అడిగాను.

“ఏమో సార్, ఎన్కట ఎవడో ఉండెనట. పోరగాండ్లు పిలిస్తె పలకకపోతె మా ఆడోళ్ళు తిడ్తరు, ‘బాలయ్య చెవుడా నీది?’ అని. మా దిక్కు సామెత గది.”

ఏ ఊరని నేను అడగలేదు. ముసలాయన ఎడమ కనుబొమ్మ మీది పులిపిరి చూసి అప్పటికే గుర్తుపట్టాను. ఆయన మా ఊరి పోలీసు పటేలు. బాలయ్య మా నాయిన.

మేము రాతిపనివాళ్ళం. ఆలేరు స్టేషనులో దిగి రెండు కోసులు నడిస్తే మా ఊరు. ఊరికి దూరంగా, గుట్ట కింద మా వాడ. బండలు చీల్చడం, గడపలు, రోళ్ళు, కణీలనే రాతి స్తంభాలు చెక్కడం, బావులు తవ్వడం మా పని. పొద్దున్నే అమ్మ కొలిమి తిత్తి ఊదుతుంటే నాయిన ముందురోజు మొండిబారిన ఉలులను ఎర్రగా కాల్చి, మొన సాగగొట్టి, నీళ్ళలో ముంచేవాడు. చుయ్‌మని లేచే ఆ ఆవిరి వాసన, పక్క పొయ్యి మీద జొన్నగట్క ఉడికే వాసన కలిసి మా ఇంటి పొద్దుటి వాసన. ఉలులు చల్లారాక పొడుగు వరుసన పేర్చి గోనె పట్టాలో చుట్టడం నా వంతు. పదకొండు ఉలులు. ఒకటి తక్కువైనా, ఒకటి వరుస తప్పినా నాకు గట్క సయించేది కాదు. “వీడు కడుపుల ఉన్నప్పుడు నేను కొలకట్టె ఏమన్న మింగిన్నా, అన్ని వరసకే పెడ్తడు” అనేది అమ్మ. నాకప్పుడు పద్నాలుగేళ్ళు. పొద్దున ఆలేరు బడికి నడిచి వెళ్ళి, పొద్దుగూకేసరికి వచ్చేవాడిని. ఆ బడిలో ఉర్దూ, లెక్కలు నేర్చుకున్నాను. ఆ ఉర్దూ ఎందుకు పనికొచ్చిందో తర్వాత చెబుతాను.

మా నాయినకు బండ భాష తెలుసనేవారు. సుత్తితో ఒక దెబ్బ తట్టి చెవి ఒగ్గి వినేవాడు. గట్టి బండ కంచులా మోగుతుంది. లోపల చీలిక ఉన్నది ముద్దగా పలుకుతుంది. ఆ తేడా విని, ఎక్కడ ఉలి పెడితే ఎక్కడికి చీలుతుందో చెప్పేవాడు. అట్లాంటి మనిషి ఒక ఏడు పటేలు ఇంటికి చెక్కిన గడపరాయి, ఎత్తి నిలబెడుతుంటే నడిమికి విరిగిపోయింది. లోపల చీలిక ఉంది, నాయినకు వినపడలేదు. ఆ తర్వాత బండను తట్టి చెవి ఒగ్గడం మానేసి అరచేయి ఆనించి చూడడం మొదలుపెట్టాడు. ఇంకొన్నాళ్ళకు “ఈ యేడు కీచురాళ్ళు లేవేందిరా?” అన్నాడు. అవి చెవులు చిల్లులు పడేట్టు అరుస్తూనే ఉన్నాయి. పని చాలించి ఇంటికి వచ్చాక కూడా “చెవుల ఉలి ఆగుతలేదే” అని తల విదిలించేవాడు.

ఇప్పుడు నాకు తెలిసినది రెండు ముక్కల్లో చెబుతాను. బావి అడుగున రాతికి బెజ్జం కొట్టి, మందు కూరి పేలిస్తే ఆ మోత నాలుగు గోడలకు తగిలి మళ్ళీ మనిషి మీదికే వస్తుంది. ఇనుము మీద ఇనుము రోజంతా మోగుతుంది. లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఉండేదాంట్లో, శబ్దాన్ని పట్టి నరానికి అందించే సన్నని వెంట్రుకల్లాంటి కణాలుంటాయి. మందలు తొక్కిన చేనులాగ అవి పడిపోతాయి, మళ్ళీ లేవవు. మొదట పోయేవి సన్నని స్వరాలను పట్టేవి. కీచురాయి పోతుంది, బండ మోగుడు పోతుంది, మాటలో హల్లులు పోతాయి. బొంగురు చప్పుళ్ళు, మాటలో అచ్చుల మోత చాలాకాలం మిగిలే ఉంటాయి. ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది. ఏమన్నారో తెలియదు. గోడ అవతలి మాటలాగ.

ఇవేవీ తెలియని మా వాడ అంతా కలిసి మా నాయిన చెవులకు వైద్యం చేసింది. ఆ వైద్యం తలుచుకుంటే ఇప్పటికీ నా నోట్లో నీళ్ళూరుతాయి, వాంతికి ముందు ఊరే నీళ్ళు. జిల్లేడాకు కాచి పిండిన రసం పోశారు. ఎల్లిగడ్డ వేసి మరిగించిన నూనె పోశారు. బాలింత పాలు పోశారు. అవి లోపల పులిసి, రెండో రోజుకు పిల్లి చచ్చిన వాసన వేసింది. గాడిద ఉచ్చ అయితే తప్పక పని చేస్తుందని ఒక ముసలవ్వ చెబితే, గాడిద వెనక ముంత పట్టుకొని మధ్యాహ్నం దాకా తిరిగింది నేనే. నాయిన ఒక పక్కకు ఒరిగి పడుకుంటే చెవి నిండా పోసి, ఉట్టి కింద కూర్చున్న పిల్లుల్లా అందరూ చుట్టూ కూర్చొని, “ఇప్పుడు ఇనవడ్తాందా?” అని అరిచేవారు. కొన్నాళ్ళకు కుడిచెవి నుంచి పచ్చని చీము కారింది. తలగడ గుడ్డ అట్ట కట్టేది. దాన్ని అమ్మ బూడిద వేసి ఉతికేది. గడప మీద నీళ్ళు కుమ్మరిస్తే లోపలి ఇంట్లో అంటుకున్నది ఆరుతుందా? చెడింది నరం దగ్గర, పోసింది గడప దగ్గర. ఇప్పుడు నా హెడ్‌ఫోన్‌కు అంటుకొచ్చే పసరు చూసినప్పుడల్లా, ఇన్నేళ్ళకు ఏం మారిందని అనుకుంటాను. మారింది దూది ఒకటే.

అప్పుడే మా అక్క నర్సమ్మకు కల్వకుర్తి దిక్కు నుంచి సంబంధం వచ్చింది. వాళ్ళూ రాతిపనివాళ్ళే, మంచి పేరున్న కుటుంబం. మా ఇంట్లో ఒకటే భయం: తండ్రికి చెవుడని తెలిస్తే, ఇది వంశంలో ఉందని, రేపు పుట్టే పిల్లలకూ వస్తుందని వెనక్కి పోతారని. అంతకు ముందు ఒక సంబంధం అట్లాగే పోయింది. “నోరు మూసుకొని కూసుంటె మొండోడంటరు, మాట్లాడితె చెవిటోడని తెలుస్తది. ఎట్ల జేద్దమే?” అని నాయిన అమ్మ మొహం చూశాడు. ఉపాయం చెప్పింది నేను.

మావాళ్ళలో పిల్లను చూడడానికి వచ్చినవాళ్ళు అడిగేది ఎప్పుడూ ఒకటే, వరుస కూడా ఒకటే. వాడలో జరిగిన నాలుగు పెళ్ళిచూపులు తలుచుకొని నేను జాబితా రాశాను. మీది ఏ దిక్కు, ఏం పని. వానలు ఎట్లున్నయి. పిల్లకు ఎన్నేండ్లు. ఎంతమంది సంతానం. ఇప్పుడు ఏ బావి నడుస్తాంది. పిల్ల తట్ట మొయ్యగలదా. లగ్గం ఎప్పుడు పెట్టుకుందాం. ఏడు ప్రశ్నలు, ఏడు జవాబులు. ఎదుటివాళ్ళ పెదవులు ఆడడం ఆగగానే నాయిన వరుసగా జవాబు చెప్పాలి. వరుస తప్పితే నేను ఎదురుగా కూర్చొని, మోకాలి మీద ఆ అంకె వేళ్ళు ఆనిస్తాను. నెల రోజులు గట్క తింటూ, ఉలులు సాగగొడుతూ, నీళ్ళు పోసుకుంటూ తాలీము చేశాం. “గీ పోరడు నన్ను బడికి తోలిండు” అని నాయిన నవ్వేవాడు. ఎవరడిగినా “మా నాయినకు చీమ నడిచినా ఇనవడ్తది” అని చెప్పాలని నాకూ అక్కకూ అమ్మ నేర్పింది. నేను ఎంతమందికి చెప్పానో లెక్క లేదు. అబద్ధం అలవాటైతే నాలుక దానంతట అదే తిరుగుతుంది.

ఆ రోజు పటేలు కూడా వచ్చి మంచం మీద కూర్చున్నాడు. ఊళ్ళో ఏ కులంలో లగ్గమైనా ఆయన చెవిన పడకుండా కాదు. పిల్లవాడి తండ్రి ఒక్కో మాట తూకం వేసినట్టు అడిగాడు, నాయిన తూకం వేసినట్టు చెప్పాడు. ఏడూ సరిపోయాయి. చివరన పిల్లవాడి మేనమామ అడ్డం వచ్చి “కల్లు ఎన్ని కుండలు తెప్పిద్దం బావా?” అన్నాడు. ఆ ప్రశ్న జాబితాలో లేదు. నేను వేళ్ళు ఎత్తే లోపల నాయిన, పిల్ల వయసు మళ్ళీ అడుగుతున్నారనుకొని, గట్టిగా “పదారు!” అన్నాడు.

మంచాలు కదిలేట్టు నవ్వారు. “పదారు కుండలా! బావకు దమ్మున్నది రో!” అని మేనమామ తొడ చరిచాడు. పటేలు కూడా మీసం తుడుచుకొని నవ్వాడు. సంబంధం కుదిరింది. ఆ సాయంత్రం నాయిన నా నెత్తి మీద చేయి పెట్టి చాలాసేపు తీయలేదు. నా జీవితంలో అంతకు మించి ఎవరికీ ఏదీ సాధించి పెట్టలేదని నేను ఆ పూట అనుకున్నాను.

అవి పోలీసు చర్య అయిపోయిన తర్వాతి రోజులు. రజాకార్లు పోయారు, యూనియన్ మిలిటరీ వచ్చింది, పారిపోయిన దొరలు వాళ్ళ వెనకే గడీలకు తిరిగొచ్చారు, కమ్యూనిస్టు దళాలు మాత్రం గుట్టలు దిగలేదు. వాళ్ళను పట్టడానికి మా ఊరి చావడిలో క్యాంపు పెట్టారు. ఆ మిలిటరీవాళ్ళు ఎక్కడివాళ్ళో మాకు తెలియదు. వాళ్ళ హిందుస్తానీ మా వాడకు రాదు, మా మాట వాళ్ళకు రాదు. మధ్యలో తర్జుమా పటేలు చేసేవాడు. అక్క లగ్గానికి తొమ్మిది రోజులుందనగా ఎవరో బాట మీది మోరీని, వాగు దాటే చిన్న వంతెనను, పేల్చేశారు. మందుతో పేల్చారు కనుక మందు ముట్టేవాడిని పట్టుకురమ్మన్నారు. మా ఊళ్ళో మందు ముట్టేది మా నాయిన. కానీ మందు మా ఇంట్లో ఉండదు. నిజాం కాలం నుంచే అది పటేలు ఇంట్లో, తాళం కింద ఉండేది. బావి పేల్చే రోజున ఆయన కొలిచి ఇస్తే తెచ్చుకోవాలి. ఈ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు.

మధ్యాహ్నం. చావడి ముందర ఎండలో నాయినను నిలబెట్టారు. ఊరంతా చుట్టూ చేరింది. తమాషా అంటే మనుషులకు ఎంత ఆకలి ఉంటుందో నేను ఆ రోజు చూశాను. తినడానికి పుట్నాల పొట్లాలు పట్టుకొని వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. క్యాంపు జమేదారు ఏదో అడిగాడు. పటేలు పాన్ నములుతూ, “మందు ఎవలికిచ్చినవ్ రా బాలిగా?” అన్నాడు.

నోటి నిండా పాను, పైన దట్టమైన మీసం. పెదవులు చూసి పట్టుకోవడానికి ఏమీ లేదు. నాయిన కళ్ళు గుంపులో నన్ను వెతికాయి. నా మోకాలిని వెతికాయి. నేను అమ్మ వెనక నిలబడి ఉన్నాను, మోకాలు కనపడే చోటు కాదు. నాయిన గొంతు సవరించుకొని, నేను నేర్పిన మొదటి జవాబు చెప్పాడు.

“మాది ఆలేరు దిక్కే దొరా. పెద్దల కాలం కెల్లి రాతి పని.”

గుంపు గొల్లుమంది. జమేదారుకు మాట తెలియకపోయినా నవ్వు తెలిసింది. తనను ఎగతాళి చేశాడనుకొని ముందుకు వచ్చాడు. అమ్మ అడ్డం పడింది. “దొరా, ఆయినకు ఇనవడది. మందు మా ఇంట్ల ఉండది. పటేలా, నువ్వే చెప్పు, నీ ఇంట్లనే ఉంటది గదా!”

ఆ రెండో మాట పటేలు తర్జుమా చేయలేదు. నాకు ఉర్దూ వచ్చు కనుక ఆయన ఏం చెప్పాడో, ఏం చెప్పలేదో నాకు తెలిసింది. చెవిటివాడంటోంది, అబద్ధం, నెల కింద నా కళ్ళ ముందు ఏడు ప్రశ్నలకు టకటకా జవాబు చెప్పాడు, ఎనిమిదోదానికి పరాచికం కూడా ఆడాడు, అన్నాడు. జమేదారు చుట్టూ చూసి, బడికి పోయే అంగీ తొడుక్కున్న నన్ను వేలితో పిలిచాడు.

“తేరా బాప్ సున్తా హై క్యా?” అన్నాడు, నీ తండ్రికి వినపడుతుందా అని.

“సున్తా హై సాబ్” అన్నాను.

అంతే. రెండు నెలల నుంచి ఎవరడిగినా చెప్పిన జవాబు అది. ప్రశ్న వచ్చింది, జవాబు బయటపడింది. మధ్యలో నేను లేను. వెంటనే “నై సాబ్, నై సున్తా, మందు పటేలు ఇంట్లో” అని అరిచాను కానీ అప్పటికే పటేలు చేయి ఊపుతూ నవ్వుతున్నాడు. “సూసిన్రా! ఒకపాలి సున్తా, ఒకపాలి నై సున్తా. ఇంటిల్లిపాది నాటకాలోళ్ళు.” అప్పుడు ఆయన పరీక్ష పెట్టాడు. చావడి మూలన ఖాళీ నూనె పీపా ఉంది. దాన్ని నాయిన వెనక పెట్టించి, ఒకడి చేత లాఠీతో ధనామని కొట్టించాడు.

నాయిన ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు.

“సూసిన్రా!” అన్నాడు పటేలు. గుంపు చప్పట్లు కొట్టింది. నేను అబద్ధం ఆడడం లేదు, చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లలో మాకు గట్క అప్పిచ్చే ఇంటివాళ్ళున్నారు, నాయిన తవ్విన బావి నీళ్ళు తాగేవాళ్ళున్నారు, ఆయన చెవిలో పాలు పిండిన బాలింత కూడా ఉంది. అమ్మ రెండు చేతులూ ఎత్తి అరిచింది: “సప్పుడు ఇనవడ్తది పటేలా, మాట ఇనవడది! సప్పుడు వేరు, మాట వేరు!” వెనక నుంచి ఎవడో, “అగో, సగం చెవుడు, సగం నాటకం! ఇదేం బాలయ్య చెవుడే?” అన్నాడు. మళ్ళీ నవ్వు. ఆ నవ్వులోనే మొదటి దెబ్బ పడింది. అరచేత్తో, కుడిచెవి మీద. తర్వాత ఎడమచెవి మీద. తర్వాత రెండు అరచేతులతో రెండు చెవుల మీద ఒకేసారి. వినపడేవాడు కనుక చెవులకే బుద్ధి చెప్పాలని వాళ్ళకు తోచింది. ఎన్ని దెబ్బలో నేను లెక్కపెట్టాను. అన్నీ లెక్కపెట్టేవాడిని కదా. ఆ అంకె మాత్రం ఎక్కడా రాయను.

మూడో రోజు వదిలారు. ఆ చీము వాసనకు ఎవరూ దగ్గరికి పోలేక వదిలేశారని క్యాంపులో వంట చేసినతను చెప్పాడు. ఇంటికి వచ్చిన నాయిన కొలిమి ముందు కూర్చొని ఉలి మీద సుత్తితో ఒక దెబ్బ వేశాడు. తల వంచి చూశాడు. ఇంకో దెబ్బ వేశాడు. తర్వాత సుత్తిని మెల్లగా కింద పెట్టాడు. ఆ ఏడు వానలకు మా గుట్ట మీద పిడుగు పడితే ఆయన వీపు అటు పెట్టి బీడీ చుట్టుకుంటూనే ఉన్నాడు.

లగ్గం ఆగలేదు. సంగతి తెలిసి పిల్లవాడి తండ్రి పరుగున వచ్చాడు. అమ్మ ఆయన కాళ్ళ మీద పడి, దాచినందుకు తప్పు అన్నది. ఆయన చెయ్యి చెవి దగ్గర పెట్టుకొని “ఆఁ?” అన్నాడు. అమ్మ మళ్ళీ చెప్పింది. ఆయన మళ్ళీ “ఆఁ?” అన్నాడు. చివరికి ఆయన చిన్నకొడుకు ముందుకు వచ్చి, ఆయన అరచేతిలో వేలితో ఏదో గీశాడు. ఆయన మా నాయిన పక్కన చతికిలబడి కూర్చున్నాడు.

“చెల్లె, మన రాతిపనోళ్ళల్ల నలబై దాటినంక చెవులెవలికి ఉన్నయే? నాకు ఉన్నయా? ఆ దినం మా చిన్నోడు ఎనక కూసొని వీపు మీద గీకుతుంటె గదా నేను అడిగింది. ఏడు మాటలు నేర్చుకొని వచ్చిన, వరస తప్పితె నా పని అయిపోయేది. మీరు ఎనక్కి పోతరేమోనని నా గుండె దడదడ. బావ పదారన్నప్పుడు నేను కూడ నవ్విన. అందరు నవ్విన్రని నవ్విన.”

ఆ మాట విన్నప్పుడు నాకు వచ్చింది ఏడుపు కాదు, రోత. దాచనక్కర లేనిదాన్ని దాచాం. ఇద్దరు చెవిటి మనుషులను ఎదురెదురుగా కూర్చోబెట్టి ఒకరినొకరు మోసం చేయించాం. ఆ మోసాన్ని చక్కగా వరుస పెట్టి అంకెలేసి తయారుచేసింది నేను. దాన్ని కళ్ళారా చూసి, చావడి ముందర సాక్ష్యంగా వాడుకున్నవాడు పటేలు.

తర్వాత నేను హైదరాబాదులో ఒక సాంకేతిక పాఠశాలలో చేరి, రేడియోలు విప్పడం బిగించడం నేర్చుకొని, ఈ దవాఖానకు వచ్చాను. యంత్రం వచ్చిన వారమే నాయినను కిరాయి గది నుంచి తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టాను. వినపడితే వేలెత్తమని సైగ చేశాను. ఎత్తాడు. ఒకటి తర్వాత ఒకటి, అన్నిటికీ ఎత్తాడు. కాగితం మీద నిండు వినికిడి గీత వస్తోంది. తర్వాత తెలిసింది: ఆయన నా చేతిని చూస్తున్నాడు. మీట కదిలినప్పుడల్లా వేలెత్తుతున్నాడు. కుర్చీని గోడ వైపు తిప్పాను. కాసేపు చేతులు ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాడు. తర్వాత, కొడుకు ఉద్యోగంలో పరువు పోకూడదనుకున్నాడో ఏమో, తనంతట తాను, తూకం వేసినట్టు, కాస్త ఆగి ఆగి వేలెత్తసాగాడు. ఏడుసార్లు ఎత్తాడు. ఆ సేపట్లో నేను మీట ముట్టనే లేదు.

పటేలును కూడా అదే కుర్చీలో కూర్చోబెట్టాను. నియమం ప్రకారమే చేశాను: ముందు కుడి, తర్వాత ఎడమ, ప్రతి స్వరం మూడుసార్లు. ఆయన తొందరపడితే ఆగాను, తడబడితే మళ్ళీ మోగించాను. గీత వచ్చింది. బొంగురు స్వరాల దగ్గర దాదాపు బాగానే ఉండి, సన్నని స్వరాల దగ్గరికి వచ్చేసరికి బావి మెట్ల మీది నుంచి కాలు జారినట్టు పడిపోయింది. ఈయన ఉలి పట్టిన మనిషి కాదు. వయసు మీద పడ్డా, ఏళ్ళతరబడి తుపాకీతో అడవిపందులను కొట్టినా చెడేది ఆ కణాలే. కొడుకు నా భుజం మీది నుంచి కాగితం చూస్తున్నాడు. “ఏమంటది సార్ మిషను?”

నేను పిడికిలితో బల్లను ధనామని గుద్దాను. పటేలు ఉలిక్కిపడి తిరిగి చూశాడు.

“సూసిన్రా సార్!” అన్నాడు కొడుకు. అచ్చం అదే గొంతు. “నేను చెప్పలే? నాటకం!”

“నాటకం కాదు. చప్పుడు వేరు, మాట వేరు. చప్పుడు వినపడుతుంది, మాట వినపడదు. మీరు మొదట చెప్పిందే నిజం, ఇది బాలయ్య చెవుడే” అన్నాను. గీత మీద వేలు పెట్టి, ఎక్కడిదాకా వినపడుతుందో, ఎక్కడ ఆగిపోతుందో చూపించాను. అతను చాలాసేపు చూసి, “అయితె ఆ బాలయ్యకు నిజంగనే ఇనవడకపోతుండెనా?” అన్నాడు. తర్వాత తనలో తనే అన్నట్టు, “ఆ దినాలల్ల గివన్ని ఎవలికి ఎర్క తియ్యి సార్” అన్నాడు.

ఒక మనిషికి ఎరుకే. అక్షరం రాని మనిషికి, ఎండలో చేతులెత్తి అరిచిన మనిషికి. నా చదువంతా కలిపి ఆమె చెప్పినదానికి ఒక్క మాట ఎక్కువ చేర్చలేదు.

కాగితం కింద సంతకం చేస్తూ, ఆ ఊరి పేరు, మా వాడ పేరు చెప్పి, నేను బాలయ్య కొడుకునన్నాను. కొడుకు మొహం పాలిపోయింది. అతను వంగి, తండ్రి చెవి దగ్గర నోరు పెట్టి, గుట్ట కింది రాతిపని బాలయ్య కొడుకంట అని రెండుసార్లు అరిచాడు. పటేలు నన్ను కిందినుంచి మీదికి చూశాడు. మొహంలో ఏ కలవరమూ లేదు, పాత ఊరివాడు కనపడిన సంతోషం మాత్రం ఉంది.

“ఓ, బాలిగాని కొడుకువా! పెద్దోడివైనవ్. మీ నాయిన ఉన్నడా?”

ఈ మనిషికి చెప్పాల్సిన జవాబు ఎన్నో ఏళ్ళుగా నా దగ్గర వరుసగా, తయారుగా ఉంది. చెవి దగ్గర నోరు పెట్టి చెప్పడం నా పని. కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి చూపడం కూడా నా పనే. రెండూ చేయలేదు. మామూలు గొంతుతో, ఉన్నచోటి నుంచే అన్నాను.

“ఉన్నాడు. ఆ రోజు మీరు నాటకం అన్న తర్వాత ఆయన పిడుగు చప్పుడు కూడా వినలేదు.”

కొడుకు తల దించుకున్నాడు. పటేలు నా పెదవులు ఆడడం ఆగేదాకా చూసి, సరిగ్గా ఆగగానే నవ్వి, తల ఊపాడు.

“మంచిది బిడ్డా, మంచిది. నేను అడిగిన్నని చెప్పు.”

వాళ్ళు వెళ్ళాక హెడ్‌ఫోన్‌ను మూడుసార్లు తుడిచాను.